సైలెన్సర్ అటక మీద, మోత ఊరి మీద

సంపాదకులు గారికి,

అయ్యా, మాది అమలాపురం దగ్గర కాలవగట్టు మీది ఊరు. పండక్కి ముందు మా అబ్బాయి తన 350 సీసీ బండికి కొత్త సైలెన్సర్ బిగించుకొచ్చాడు. కంపెనీ గొట్టం గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టాడు. అరగంట పని. లోపల శబ్దాన్ని ఆపే చిన్న గొట్టం కూడా పీకించేశాడు, ‘బేస్’ రావాలట!

రాత్రి పదిన్నరకు లాకుల దగ్గర గేరు మారిస్తే మా ఇంట్లో తెలుస్తుంది. కాలవ నీటి మీద శబ్దం ఎంత దూరం పోతుందో గట్టు మీద ఉన్నవాళ్లకే ఎరుక. పాకలో గేదె పలుపు తెంపుకున్నంత పని చేసింది. మా అమ్మ ఉలిక్కిపడి లేచి మళ్లీ పడుకోలేదు.

175 సీసీ దాటిన బండ్లకు తయారీ పరీక్షలో 80 డెసిబెల్స్ మించకూడదు. కొన్ని బీఎస్-6 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) బండ్లలో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాత గొట్టంతోపాటే ఊడిపోతుంది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి.

పోలీసులు ఎప్పుడైనా పట్టుకుంటే కుర్రాళ్లనే పట్టుకుంటారు. బిగించే షాపుల జోలికి వెళ్లరేం? పాత గొట్టం బిగించి చూపిస్తేనే బండి వదలాలి. మావాడి బండితోనే మొదలెట్టినా నాకు అభ్యంతరం లేదు.

– ఒక పాఠకుడు, కోనసీమ