సొంత సరుకుకు దొంగ పాటా?

సంపాదకులకు,

ఆన్‌లైన్ వేలంలో అమ్మేవాడే మరో ఖాతాతో పాట పెంచడం బెంగళూరులో పాత నాణేలు, కెమెరాలు కొనే మనవాళ్లకు కొత్తేమీ కాదు. పాట రూ.2,100 దగ్గరుంది, మీ గరిష్ఠ ధర రూ.5,000 అని పెట్టారనుకుందాం. దొంగ ఖాతా వంద చొప్పున పెంచుతూ మీ హద్దు తడుముతుంది. ప్రతిసారీ సైటే మీ తరఫున పై పాట పాడేస్తుంది. రూ.4,900 దగ్గర ఆగితే మీ జేబుకు చిల్లు. హద్దు దాటితే ‘గెలిచినాయన తప్పుకున్నాడు, మీ ధరకే ఇస్తాం’ అని సందేశం. దానికి వెంటనే తలూపకండి.

ముందు పాటల వివరాలు తెరవండి. రేటింగ్ సున్నా, పాడేదంతా ఒకే అమ్మకందారు సరుకుకు, ఆఖరి నిమిషంలో మాయం... అలాంటి ఖాతా కనిపిస్తే స్క్రీన్‌షాట్లు దాచుకోండి.

1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం, ముందే ప్రకటించకుండా అమ్మకందారు పాడటం చట్టవిరుద్ధం. ధర పెంచడానికి ఉత్తుత్తి పాట పాడితే కొన్నవారు ఆ అమ్మకాన్ని రద్దు చేసుకోవచ్చు. ‘మరీ తక్కువకు పోతుందని పాడాం’ అనేది సాకే. కనీస ధర పెట్టుకునే వీలు అదే సెక్షన్‌లో ఉంది. ఒకే ఫోను, ఒకే చిరునామా ఉన్న పాటదారులను వడకట్టడం సైట్లకు పెద్ద పనా? ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

– ఒక నాణేల సేకరణదారు, మల్లేశ్వరం, బెంగళూరు