పందుల దగ్గు కూడా వార్తే

సంపాదకులకు నమస్కారం.

నిపా వైరస్ మీద మీ పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా పక్కన గబ్బిలం ఫొటో ఉంటుంది, కోరలు కనిపించేలా. అది చూసి గబ్బిలాలున్న చెట్టు కొట్టించేయమని అడిగేవాళ్లు నాకు తెలుసు. నేను రిటైరైన పశువైద్యుణ్ని. ఆ వైరస్‌ను మొదట పట్టుకున్న డాక్టర్ కా బింగ్ చువా గురించి మీ పాఠకులకు ఒక్కసారైనా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

1998 సెప్టెంబరు చివర్లో మలేసియాలోని ఇపో పట్టణం చుట్టుపక్కల పందుల పెంపకందారులకు జ్వరం, మెదడువాపు మొదలయ్యాయి. దోమల వల్ల వచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. అలా అనుకోవడంలో తప్పు లేదు, ఆ వైరస్ కూడా పందుల్లో పెరిగేదే. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జబ్బు ఆగలేదు. అమ్ముడుపోయిన పందులతో పాటు దక్షిణాన నెగెరి సెంబిలాన్ దాకా పాకింది.

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ఇక్కడ మంచం పట్టింది పెద్దవాళ్లు, అదీ పందులను చేత్తో ముట్టి పనిచేసేవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లకూ వచ్చింది. అన్నిటికంటే పెద్ద ఆధారం పందులే. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ సోకితే చూడి పందులు ఈసుకుపోతాయి (గర్భం పోతుంది) తప్ప పెద్ద పందులు పైకి బాగానే ఉంటాయి. ఇక్కడివి చాలా దూరం వినిపించేంత గట్టిగా దగ్గాయి, వణికాయి, కొన్ని చచ్చిపోయాయి. ఇది చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ దగ్గు పెంపకందారులందరూ విన్నదే. పశువుల జబ్బు ఒక ఫైల్లో, మనుషుల జబ్బు ఇంకో ఫైల్లో ఉంటే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేదెవరు? నా సర్వీసులోనూ మేం పంపిన రిపోర్టు మనుషుల డాక్టర్ల దాకా వెళ్లడం అరుదే.

చువా అప్పుడు కౌలాలంపూర్‌లోని మలయా విశ్వవిద్యాలయంలో వైరాలజీ చేస్తున్నారు. 1999 మార్చిలో సుంగై నిపా అనే ఊరి రోగి వెన్ను నీటి నుంచి వైరస్‌ను ల్యాబ్‌లో పెంచారు. కణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ముద్దకట్టాయి. దోమ జబ్బు తీరు అది కాదని ఆయనకు అనిపించింది. నమూనా పట్టుకుని అమెరికా వెళ్లారు. అక్కడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో కనిపించింది తట్టు, గవదబిళ్లల వైరస్‌ల కుటుంబానికి చెందినది. దాని వ్యాప్తికి దోమ అక్కర్లేదు! ఇక పందుల మీద దృష్టి పెట్టారు. పది లక్షలకు పైగా పందులను చంపితే గానీ జబ్బు ఆగలేదు. అప్పటికే మలేసియాలో 265 మందికి సోకి, 105 మంది చనిపోయారు.

ఆయన అక్కడితో ఆగలేదు. టియోమన్ దీవిలో గబ్బిలాలు వేలాడే చెట్ల కింద ప్లాస్టిక్ పట్టాలు పరిచి మూత్రం సేకరించారు, అవి కొరికి పడేసిన పళ్లు ఏరారు. ఆ మూత్రంలో, ఒక కొరికిన పండు మీద నిపా దొరికింది. పందుల దొడ్లకు ఆనుకుని పళ్లతోటలు వేసింది మనుషులు. గబ్బిలం కొరికిన పండు దొడ్లో పడితే పంది తింది. ఇందులో గబ్బిలం చేసిన నేరమేమిటో నాకు అర్థం కాదు.

బంగ్లాదేశ్‌లో ఈత చెట్ల నుంచి తీసిన పచ్చి నీరా తాగినవాళ్లకు నిపా వచ్చింది. రాత్రిపూట కెమెరాలు పెడితే గబ్బిలాలు ఆ నీరా నాకుతూ కనిపించాయి. నీరా కోసం చెట్టుకు కోత పెట్టిన చోటుకీ కుండకీ వెదురు తడక కడితే గబ్బిలం దాని దగ్గరకు పోలేకపోయింది. ఒక్క చెట్టూ కొట్టలేదు, ఒక్క గబ్బిలాన్నీ చంపలేదు.

నిపాకు ఈరోజుకీ ఆమోదం పొందిన టీకా లేదు. జబ్బును తొందరగా గుర్తించడమే మన చేతిలో ఉన్నది. అందుకే మీకు నా విన్నపం. ఎక్కడైనా పశువులో, పందులో, కోతులో గుంపులుగా చనిపోతే ఆ వార్తను లోపలి పేజీలో నాలుగు లైన్లతో సరిపెట్టకండి. అక్కడి పశువైద్యుడిని అడగండి, నమూనాలు ఏ ల్యాబ్‌కు పంపారో రాయండి. ఫలితం వచ్చాక, అది మామూలు జబ్బే అని తేలినా సరే, దాన్నీ వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పశువైద్యుడు