సముద్రం గురించి కూడా మాట్లాడండి

ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం కార్యనిర్వాహక కార్యదర్శి గారికి, నమస్కారం.

ఏటా సదస్సుల్లో అడవుల గురించి గంటల కొద్దీ మాట్లాడతారు, మంచిదే, కానీ మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు మింగుతున్నదీ, భూమ్మీద పోగుపడుతున్న అదనపు వేడిలో 90 శాతం దాకా దాచుకుంటున్నదీ సముద్రమే కదండీ. 2015 పారిస్ ఒప్పందంలో మాత్రం పీఠికలో ఒక్క ప్రస్తావనతో సరిపెట్టేశారు!

ఈ సాయం ఊరికే రావట్లేదు. నీళ్లలో కరిగిన ఆ వాయువు కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. పారిశ్రామిక విప్లవానికి ముందు 8.2 దగ్గరున్న సముద్రం పైపొర పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత, ఇది తగ్గితే ఆమ్లత్వం పెరిగినట్టు) ఇప్పుడు 8.1కి దిగింది. అంతేనా అనిపిస్తుంది గానీ, ఆ స్కేలులో చిన్న తేడా కూడా పెద్ద మార్పే, ఆమ్లత్వం పావు వంతుకు పైగా పెరిగినట్టు లెక్క, పగడాలకీ ఆల్చిప్పలకీ గుల్ల కట్టుకునే కార్బొనేట్ కరువవుతోంది.

నా అసలు టెన్షన్ వేరే. నీళ్లు వేడెక్కే కొద్దీ వాయువును పట్టుకునే శక్తి తగ్గుతుంది, పైగా తేలికైన పైపొర కింది చల్లటి నీళ్లతో సరిగ్గా కలవదు, దాంతో కార్బన్ లోతుకు దిగడం మందగిస్తుంది. అంటే సముద్రం మింగే ఈ నాలుగో వంతు వాటా ఎప్పటికీ ఇలాగే ఉంటుందన్న ధీమా పనికిరాదు.

సముద్రాల్లో దాదాపు 4,000 ఆర్గో పరికరాలు (నీటిని కొలిచే యంత్రాలు) తేలుతున్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం ఉష్ణోగ్రత, ఉప్పదనం మాత్రమే కొలుస్తాయి. పీహెచ్ కొలిచేవి పెంచడానికి దేశాల దగ్గర నిధులు గట్టిగా అడగండి, వచ్చే సదస్సు ఎజెండాలోనే పెట్టండి.