చిన్న రివాల్వర్ కొనే తెలుగువారికి

సంపాదకులకు,

అమెరికాలోని మనవాళ్లు కొందరు ఆత్మరక్షణకని పొట్టి బ్యారెల్ రివాల్వర్లు కొంటున్నారు. స్మిత్ అండ్ వెసన్ 642నే తీసుకోండి. .38 స్పెషల్ అనే రకం తూటాలు ఐదు పడతాయి, బరువు 400 గ్రాముల పైచిలుకు. తేలిక అని మురిసిపోతారు గానీ, బరువు తగ్గినకొద్దీ చేతికి తగిలే తన్ను పెరుగుతుంది. ఆ కుదుపుకే మిగిలిన తూటాల్లోని బుల్లెట్ కేసులోంచి (తూటా లోహపు గొట్టంలోంచి) ముందుకు జారి, సిలిండర్ (తూటాలుండే గుండ్రటి భాగం) తిరగకుండా పట్టేయవచ్చు. కొత్త రకం తూటాలు కొన్నప్పుడు నాలుగు కాల్చి, ఐదోది బయటికి తీసి, తుపాకీలో పెట్టని కొత్త తూటా పక్కన పెట్టి, పొడవు పెరిగిందేమో చూడాలి.

ట్రిగ్గర్ తేలికవ్వాలని బలహీనమైన మెయిన్‌స్ప్రింగ్ (తూటాను కొట్టే సుత్తిని నడిపే స్ప్రింగు) వేయించడం నాకు బొత్తిగా నచ్చదు. దెబ్బ చాలక ప్రైమర్ (తూటా అడుగున మందు అంటించే భాగం) పేలకపోవచ్చు. మార్చాలనుకుంటే గ్రిప్ (పిడి) మార్చండి. రబ్బరుది తన్నును తగ్గిస్తుంది, కానీ జేబు గుడ్డకు పట్టుకుంటుంది. జేబులో పెట్టుకునేవారికి నున్నటి చెక్కదే మేలు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే ఒర తప్పనిసరి. ఆ జేబులో తాళాలు, చిల్లర ఉండకూడదు.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది వీసా. ఎఫ్-1, హెచ్-1బి మీదున్నవారు తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి. విద్యార్థులు చదివే మీ ప్రవాస పేజీలో దయచేసి ఈ సంగతి వేయండి.

– ఒక పాఠకుడు, డాలస్