గాల్లోకి లేపితే దక్కేది ఒక్క పాయింటే

సంపాదకులకు నమస్కారం.

ఏఎఫ్‌ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌ల వార్తల్లో తరచూ ఒక మాట కనిపిస్తోంది: ‘గోల్‌కు 50 మీటర్ల దూరంలోని గీత లోపలికి ఎక్కువసార్లు వెళ్లినా అదృష్టం కలిసిరాలేదు’ అని. అందులో అదృష్టం పాత్ర కొంచెమే. 2008 గ్రాండ్ ఫైనల్‌లో జీలాంగ్ 11 గోల్స్, 23 బిహైండ్‌లతో 89 పాయింట్ల దగ్గర ఆగిపోయింది. హాథార్న్ 18 గోల్స్, 7 బిహైండ్‌లతో 115 చేసి కప్పు ఎత్తుకుపోయింది. నడిమి రెండు స్తంభాల మధ్యనుంచి తన్నే గోల్‌కు 6, పక్క స్తంభాల మధ్యనుంచి పోతే లేదా డిఫెండర్లు దాటిస్తే వచ్చే బిహైండ్‌కు 1 కదా. ఆ 23లో కొన్ని హాథార్న్ డిఫెండర్లు గోల్ తప్పించుకోవడానికి తామే కావాలని తమ గోల్ గీత దాటించినవి. మరుసటి ఏడాది నుంచి అలా చేస్తే ప్రత్యర్థికి ఫ్రీ కిక్ ఇచ్చే నియమం వచ్చింది.

అసలు తప్పు గోల్ ముందు కాదు, 80 మీటర్ల వెనక మొదలవుతుంది. వింగ్‌లో (మైదానం పక్క భాగంలో) ఒకడు మార్క్ పడతాడు, అంటే తన్నిన బంతిని గాల్లోనే పట్టి, అడ్డులేకుండా తన్నే హక్కు పొందుతాడు. నాలుగడుగులు వెనక్కి వేస్తాడు, బంతిని చేతుల్లో తిప్పుకుంటాడు, అప్పుడు తలెత్తి చూస్తాడు. ఈలోగా ప్రత్యర్థులు ఆరేడుగురు వెనక్కి చేరి దారి మూసేస్తారు. ఇక చేసేదిలేక గోల్ ముందుకు ఎత్తుగా లేపుతాడు. బంతి దిగేలోపు పక్కనున్న మరో ఇద్దరు డిఫెండర్లు కూడా అక్కడికి వచ్చేస్తారు. ఫార్వర్డ్ దాన్ని పట్టుకోవాలి, డిఫెండర్‌కు పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే చాలు. అది సమానమైన పోటీ ఎలా అవుతుంది?

2021లో వచ్చిన ‘స్టాండ్’ నియమం దీనికి మందు. బంతి పట్టిన చోట ఎదురుగా నిలబడ్డ ప్రత్యర్థి అంపైర్ ‘ప్లే ఆన్’ (ఆట సాగించండి) అనేదాకా కదలకూడదు, కదిలితే 50 మీటర్ల పెనాల్టీ. కాబట్టి మార్క్ పట్టినవాడు వెనక్కి వెళ్లకుండా, పక్కనుంచి పరుగున వచ్చే తనవాడికి హ్యాండ్‌బాల్ (పిడికిలితో కొట్టి అందించడం) ఇవ్వాలి. ఆ వచ్చేవాడు నిలబడి అడిగితే లాభం లేదు, అప్పటికే వేగం అందుకుని ఉండాలి. ఎదర దారి లేకపోతే మైదానం అవతలి వైపుకు మళ్లించాలి, అదీ రెండు కిక్కుల్లో. మధ్యలో అందుకున్నవాడు ఆగి ఆలోచిస్తే డిఫెన్స్ మొత్తం జరిగిపోతుంది. పైగా అక్కడ బంతి పోతే మన గోల్ బార్లా తెరిచి ఉంటుంది.

లోపలికి పంపే కిక్ 35, 40 మీటర్లది, తక్కువ ఎత్తులో సూటిగా వెళ్లేది కావాలి. పదేళ్ల పిల్లలకు 20 మీటర్లు చాలు. (మెల్‌బోర్న్ పడమటి శివార్లలో బౌండరీ బయట నిలబడి ‘లాగి కొట్టరా!’ అని అరిచే మన తల్లిదండ్రులు ఇది గమనిస్తే పిల్లలకు మేలు.) గురి ఫార్వర్డ్ మీద కాదు, అతను పరుగెత్తే దారిలో రెండడుగుల ముందు, డిఫెండర్ లేని వైపు. ఫార్వర్డ్‌లందరూ ఒకే చోటికి పరుగెత్తితే వాళ్ల డిఫెండర్లూ అక్కడికే వస్తారు. ఒకడు బౌండరీ వైపు ఉత్తుత్తి పరుగు తీసి తన డిఫెండర్‌ను లాక్కెళ్లాలి, రెండోవాడు గోల్ స్క్వేర్ (గోల్ ముందున్న గీతల చతురస్రం) నుంచి ఆ ఖాళీలోకి రావాలి. పొట్టి ఫార్వర్డ్ బంతి దిగే చోటికి మూడు, నాలుగు మీటర్ల ముందు (బంతి వచ్చే వైపు) ఉండాలి, కిందే కాదు. గుద్దిన బంతి ఎక్కువగా ముందుకే పడుతుంది.

సాధనకు నలుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు డిఫెండర్లు చాలు. గీత బయటి నుంచి పది బంతులు పంపాలి, ఒక్కోదానికి 8 సెకన్లు. గోల్స్ కాదు, గోల్ మీదికి కొట్టే అవకాశం ఎన్నిసార్లు దొరికిందో లెక్కపెట్టాలి. అయిదుకు తగ్గితే లోపం బంతి పంపినవాడిది.

మైదానం మధ్యలో అంపైర్ బంతిని పైకి వేసి ఆట మొదలుపెట్టే సమయం (2025 దాకా సెంటర్ బౌన్స్) సంగతి వేరు. 2019 నుంచి ఆ సమయంలో ఒక్కో వైపు 50 మీటర్ల గీత లోపల (ఆర్క్‌లో) ఇరుజట్ల నుంచి ఆరుగురి చొప్పునే ఉండాలి కాబట్టి, బంతి చిక్కగానే వెనకాముందు చూడకుండా పొడవుగా కొట్టవచ్చు. వాన పడినా అంతే. తడిసిన బంతి ఎవరి చేతా నిలవదు, నేల మీద ఏరుకునే పొట్టివాళ్లు ముగ్గురుంటే చాలు.

– ఒక జూనియర్ జట్టు కోచ్, మెల్‌బోర్న్