ఒంటిమిట్ట పెండ్లికి వెన్నెల కావాలి

సంపాదకులకు నమస్కారం.

శ్రీరామనవమి నాడు మీ పత్రికలో వచ్చిన ప్రత్యేక పేజీని ఆసాంతం చదివాను. చలువ పందిళ్లు, పానకం, వడపప్పు, పల్లెల్లో చెక్కభజనలు అన్నింటి గురించీ ఇష్టంగా రాశారు. అయితే అందులో రెండు మాటలు నా మనసుకు కష్టం కలిగించాయి. శ్రీరామనవమి అంటే సీతారాముల పెండ్లిరోజు అన్నది మొదటిది. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణలో ఉండిపోవడంతో ఒంటిమిట్టలో కొత్తగా కల్యాణోత్సవం మొదలైందని, నవమి రద్దీ తగ్గాక వీలు చూసుకుని రాత్రి పూట జరుపుతున్నారని అర్థం వచ్చేలా రాసింది రెండవది. ఒంటిమిట్ట మండలంలో పుట్టి, కడపలో స్థిరపడి, వీలైన ప్రతి ఏటా ఆ పెండ్లికి వెళ్లి వస్తున్నవాణ్ని కాబట్టి, ఈ రెండు మాటలకూ నాకు తెలిసినంతలో జవాబు రాస్తున్నాను.

నవమి రాముడు పుట్టిన తిథి. వాల్మీకి బాలకాండలో పుత్రకామేష్టి ముగిశాక పన్నెండవ నెలలో, చైత్ర మాసంలో, నవమి తిథినాడు, అదితి దేవతగా గల పునర్వసు నక్షత్రంలో, కర్కాటక లగ్నంలో, అయిదు గ్రహాలు ఉచ్చలో ఉండగా కౌసల్య రాముణ్ని కన్నదని స్పష్టంగా ఉంది. మిట్టమధ్యాహ్నం పూజ చేయడం ఈ పుట్టుకను బట్టి వచ్చినదే. ఉగాది పాడ్యమితో మొదలైన వసంత నవరాత్రులు కూడా ఆనాటితోనే ముగుస్తాయి.

పెండ్లి సంగతి వేరు. మిథిలలో మాట ఖాయమయ్యాక జనకుడు దశరథుడితో, ఈరోజు మఘ నక్షత్రం, మూడవ రోజున ఉత్తర ఫల్గుని వస్తుంది, ఆనాడు వివాహం జరిపిద్దామని అంటాడు. నక్షత్రం చెప్పాడు గాని, ఆ శ్లోకంలో మాసం లేదు, తిథి లేదు. అందువల్లనే దేశంలో ఒక్కొక్క సీమ ఒక్కొక్క రోజును పట్టుకుంది. జనక్‌పూర్‌లోనూ, అయోధ్యలోనూ మార్గశిర శుద్ధ పంచమిని వివాహ పంచమి అంటారు. తమిళ దేశంలో ఫాల్గుణ పున్నమి సమయాన, చంద్రుడు ఉత్తర ఫల్గునిలో ఉన్నప్పుడు దేవుళ్ల కల్యాణాలు చేసే ఆచారం బలంగా ఉంది. మన తెలుగునాట మాత్రం పుట్టిన తిథినాడే పెండ్లి కూడా జరపడం వాడుకలోకి వచ్చింది. పదిహేడవ శతాబ్దంలో కంచర్ల గోపన్న కట్టించిన భద్రాచల రామాలయంలో నవమి నాటి మిట్టమధ్యాహ్నపు అభిజిత్ ముహూర్తంలో కల్యాణం జరుగుతుంది. ఆ వేడుకను చూసి, విని, రేడియోలో వ్యాఖ్యానం ఆలకించి ఊరూరా రామాలయాలవారు అదే వేళను అనుసరించారు. అవతార తిథి లోకానికంతా శుభ తిథి కనుక, ఆనాడు కల్యాణం చేయడం లోకకల్యాణానికేనని పెద్దలు చెప్పే మాటను నేను కాదనను. దశరథుడి పేర ఒకటి, జనకుడి పేర ఒకటి, భక్త రామదాసు పేర ఒకటి మూడు సూత్రాలు కట్టే ఆ పెండ్లిని నేనూ భద్రాచలం వెళ్లి కళ్లారా చూశాను. ఆచారం ఎంత గొప్పదైనా, పండుగ పుట్టుకను చెప్పేటప్పుడు నవమి జయంతి అన్న ముక్కను వదిలేయకూడదనేదే నా మనవి.

మా అవ్వకు ఈ తేడా ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. నవమి నాటి పొద్దున్నే ఆమె రోట్లో బెల్లం దంచి, కొత్త కడవలో నీళ్లు పోసి కరిగించి, పలుచని పాత పంచె గుడ్డలో వడకట్టేది. మిరియాలు మరీ మెత్తగా కాకుండా పలుకుపలుకుగా దంచి, శొంఠి, యాలకులు కలిపేది. నానబెట్టిన పెసరబేడల్లో కొబ్బరి కోరు, సన్నగా తరిగిన దోసకాయ ముక్కలు వేసేది. సరిగ్గా పన్నెండు గంటలకు ఒక చిన్న చెక్క ఊయలలో రాముడి పటం పెట్టి, మా చేత ఊపించి, లాలి పాడేది. పానకం మిరియపు ఘాటుకు గొంతు మండి నేను దగ్గితే, బాలింతరాలి ఇంట్లో కారం, శొంఠి ఉండకుండా ఎట్లా ఉంటాయిరా అనేది. పక్క ఊరి భజన మందిరంలో ఆ వేళకే పెండ్లి మంత్రాలు వినిపిస్తే మాత్రం, పుట్టిన పొద్దే పెండ్లి ఏమిటి నాయనా, మన రామునికి ఇంకా అయిదు రోజులు టైముంది అనేది. ఆ అయిదు రోజులూ మా ఊళ్లో పెండ్లివారి ఇంటి హడావుడే.

నవమికి అటూ ఇటూగా ఒంటిమిట్ట కోదండరామస్వామి బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం జరుగుతుంది. చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి, అంటే పున్నమికి ముందు రాత్రి, కల్యాణం. మరునాడు రథోత్సవం. సూర్యవంశంలో, పట్టపగలు పుట్టిన రాముణ్ని పుట్టిన వేళ చూసే భాగ్యం తనకు దక్కలేదని చంద్రుడు బాధపడితే, నా పెండ్లి నీ వెలుగులోనే జరుపుకుంటానని స్వామి మాట ఇచ్చాడని మా వైపు కథ. పెండ్లి కూడా పగలే జరగడంతో చంద్రుడు మొర పెట్టుకున్నాడని మరికొందరు చెబుతారు. చంద్రవంశీయులమని చెప్పుకున్న విజయనగర రాజులు తమ వంశకర్త ఎదుట ఈ వేడుక జరగాలని రాత్రి వేళను ఏర్పరిచారనే మాట కూడా ఉంది. ఏది ముందో, ఏది వెనకో తేల్చడం నా పని కాదు. అయితే ఆకాశాన్ని చూసినవారికి మొదటి కథలోని నేర్పు తెలుస్తుంది. శుద్ధ నవమి నాడు మిట్టమధ్యాహ్నానికి చంద్రుడు తూర్పు దిక్కున ఇంకా నేల అంచు కిందనే, పైకి రాబోతూ ఉంటాడు. కొద్దిలో తప్పిపోయిందన్నమాట. చతుర్దశి నాడైతే పొద్దు గూకక ముందే తూర్పున లేచి, పెండ్లి వేళకు నిండు వెలుగుతో పందిటి మీదికి వచ్చేస్తాడు. ఆ రోజుల్లో ఆయన ఉండేది ఉత్తర ఫల్గుని, హస్త నక్షత్రాల దగ్గర. జనకుడు చెప్పిన నక్షత్రానికి నవమి కంటే మన చతుర్దశే దగ్గర. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు గర్వంగానే ఉంటుంది.

ఆ గుడికి కథాక్రమం మీద మొదటి నుంచీ పట్టింపు ఉందని నాకు అనిపిస్తుంది. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు. అందుకే ఆ చోటిని ఏకశిలానగరం అంటారు. రామాలయమంటే ఆంజనేయుడు తప్పక ఉంటాడు గదా, ఇక్కడ స్వామి పక్కన ఆయన లేడు. ఈ ప్రతిష్ఠ రాముడికి హనుమంతుడు పరిచయం కాకముందు నాటి రూపమని చెబుతారు. ఆ తరువాత కథకు తగినట్టు, ఎదురుగా సంజీవరాయ స్వామి పేర ఆంజనేయుడికి వేరే గుడి ఉంది. పుట్టుకను పుట్టుకగా, పెండ్లిని పెండ్లిగా ఉంచిన ఆచారం ఇలాంటి చోట నిలవడంలో వింత లేదు.

ఇక కొత్తగా మొదలైందన్న మాటకు వస్తాను. 1555, 1558 నాటి శాసనాలు విజయనగర రాజు సదాశివరాయల కాలంలో ఈ స్వామికి గ్రామాలు ఇచ్చిన సంగతిని చెబుతున్నాయి. 1652లో ఈ దారిన గండికోటకు వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియె ఇక్కడి గోపురాన్ని మెచ్చుకున్నాడు. మధ్యలో గుడి ఆదరణ తగ్గి, నగలు లేక, మరమ్మతులు లేక చిక్కిపోయిన రోజుల్లో, రామాయణాన్ని తెలుగు చేసిన వావిలికొలను సుబ్బారావుగారు, 1863లో పుట్టి 1936లో పోయిన ఆ మహానుభావుడు, చేత టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తి స్వామికి మళ్లీ కళ తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా గౌరవంగా బతికిన మనిషి ఆయన. ఆ చిప్పలో పైసా, అణా వేసిన ఊళ్లవారి మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ పెండ్లికి వస్తున్నారు. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఈ కల్యాణాన్ని అధికారిక ఉత్సవంగా జరుపుతూ పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పిస్తున్న మాట నిజం. దానివల్ల రోడ్డు బాగుపడింది, మంచినీళ్లు, మజ్జిగ అందుతున్నాయి, గోదావరి జిల్లాల భక్తులు గోటితో ఒలిచిన తలంబ్రాలు తెచ్చి ఇస్తున్నారు. మాకంతా సంతోషమే. అయితే అధికారిక హోదా కొత్తది, పెండ్లి పాతది. ఈ తేడా మీ పత్రిక చెప్పకపోతే, ఒంటిమిట్ట అంటే భద్రాచలానికి బదులు దొరికిన చోటు అని రేపటి పిల్లలు అనుకుంటారు.

నా చిన్నతనంలో మేము బండి కట్టుకుని వెళ్లేవాళ్లం. ఎద్దుల మెడలో గంటలు, బండిలో బోద పరిచి దాని మీద దుప్పటి, సద్దిమూట, అవ్వ ఒళ్లో తలంబ్రాల కోసం పసుపు కలిపి కట్టిన బియ్యం మూట. గుడి ముందు పెట్రోమాక్స్ దీపాలు అక్కడొకటి, ఇక్కడొకటి ఉండేవి. జీలకర్రబెల్లం పెట్టే సమయానికి గోపురం పక్కగా చంద్రుడు పైకి వచ్చేవాడు. నల్లరాతి స్తంభాల నీడలు నేల మీద చాపలు పరిచినట్టు పడేవి. సూత్రధారణ కాగానే అవ్వ ముందు పైకి చూసి చంద్రుడికి దండం పెట్టి, తరువాత పందిట్లోకి చూసి స్వామికి దండం పెట్టేది. పెండ్లి పెద్ద ఆయన గదా అనేది.

ఈ మధ్య మా మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. దారి పొడవునా ఆ పాపకు చంద్రుడి కథే చెప్పాను. కల్యాణ వేదిక దగ్గర జనం కిటకిటలాడుతున్నారు, పెద్ద పెద్ద తెరలు, నాలుగు వైపులా ఎత్తైన స్తంభాల మీద తెల్లని దీపాలు. తాళి కట్టే వేళ అందరూ లేచి నిలబడి గోవిందనామాలు చెబుతుంటే, ఆ పాప నా చేయి లాగి, చందమామ ఏడి తాతా, పెండ్లికి రాలేదా అని అడిగింది. తల ఎత్తి చూశాను. ఆ దీపాల వెలుగుకు పైన ఆకాశమంతా బూడిద రంగులో ఉంది. వచ్చాడమ్మా అని, వేదిక దాటించి రోడ్డు అవతల చింతచెట్టు దాకా ఎత్తుకుని పోయి చూపించాను. మేము తిరిగి వచ్చేలోగా తలంబ్రాలు అయిపోయాయి.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. అంతమంది జనం చేరినప్పుడు వెలుతురు లేకపోతే తొక్కిసలాట భయం ఉంటుంది, ముసలివాళ్లు, పిల్లతల్లులు ఉంటారు, కెమెరాలకూ వెలుగు కావాలి. నేను అడిగేది ఒక్క అయిదు నిమిషాలు. ముందుగా మైకులో చెప్పి, అందరూ కూర్చుని ఉన్నప్పుడు, దారుల్లో, మెట్ల దగ్గర, వైద్య శిబిరాల దగ్గర దీపాలు అలాగే ఉంచి, వేదిక చుట్టూ ఉన్న పెద్ద దీపాలను మాత్రం సూత్రధారణ సమయంలో తగ్గించి, నూనె దీపాల వెలుగులో, వెన్నెలలో ఆ ముడి వేయించాలి. 2024లో శ్రీరామనవమి నాడు అయోధ్యలో బాలరాముడి నుదుట సూర్యకిరణం పడేలా అద్దాలు, కటకాలు అమర్చి సూర్య తిలకం దిద్దారు. దేశమంతా ఆ దృశ్యం చూసి పులకించింది. పుట్టినరోజుకు సూర్యుణ్ని గుడిలోకి తెచ్చుకోవడానికి శాస్త్రవేత్తలు శ్రమపడ్డారు. పెండ్లి రాత్రికి చంద్రుణ్ని తెచ్చుకోవడానికి మనకు ఏ యంత్రమూ అక్కరలేదు, కొన్ని స్విచ్‌లు నొక్కితే చాలు. మేఘం పట్టిన ఏడు ఎలాగూ ఏమీ చేయలేము. తెరిపిగా ఉన్న ఏడైనా ఆయనకు ఇచ్చిన మాట నిలబెడదాం.

ఈ విన్నపాన్ని ఉత్సవ నిర్వాహకుల దృష్టికి తీసుకుపోయే శక్తి నాబోటి వాడికి లేదు, మీ పత్రికకు ఉంది. వచ్చే ఏడు ప్రత్యేక పేజీ వేసేటప్పుడు నవమిని జయంతిగా రాయండి. ఒంటిమిట్ట కల్యాణానికి చతుర్దశి నాడు వేరే చోటు కేటాయించండి. ముహూర్తం వేళ, బస్సుల వేళలు వేసే చోటనే ఆనాడు కడపలో చంద్రోదయం ఎన్ని గంటలకో కూడా ఒక వరుసలో అచ్చు వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప.