హంపీ రాతి వంతెన, దాని చుట్టూ ఉన్న నీటికుక్కలు

సంపాదక మహాశయులకు నమస్కారం.

గత నెలలో మా కుటుంబంతో గుంతకల్లు నుంచి హొసపేట మీదుగా హంపీ వెళ్లినప్పుడు, విఠల దేవాలయం దాటి, పురందర మంటపం దగ్గర తుంగభద్ర ఒడ్డున చాలాసేపు కూర్చున్నాము. విజయనగర కాలపు పాత వంతెన తాలూకు రాతి స్తంభాలు అక్కడ నేటికీ నీటిలో వరుసలుగా నిలిచి ఉన్నాయి. పైన నడిచే దారి ఎప్పుడో పోయినా, తుంగభద్ర జలాశయం గేట్లు ఎత్తినప్పుడు మంటపాన్ని సైతం ముంచే వరదకు ఎదురొడ్డి ఆ గ్రానైట్ స్తంభాలు నిలబడటం చూస్తే, వాటిని నాటిన పనివాళ్లకు చేతులు జోడించాలనిపిస్తుంది.

అయితే ఈ వంతెన ఉన్నది మామూలు రేవులో కాదన్న సంగతి మన యాత్రికులలో చాలామందికి తెలియదు. ముద్లాపుర నుంచి కంప్లి వరకు సుమారు 34 కిలోమీటర్ల నదీ భాగాన్ని కర్ణాటక ప్రభుత్వం 2015లో నీటికుక్కల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. కన్నడిగులు నీరునాయి అని పిలిచే ఈ జంతువు గుంపులుగా తిరుగుతూ, చేపలు, పీతలు తిని, ఒడ్డు బండల సందుల్లో పిల్లలను పెడుతుంది. చేప పొలుసులతో నిండిన దాని పెంట బండల మీద కనిపిస్తే దగ్గరలో గుంపు ఉన్నట్టే. మాకు పొలుసులు కనిపించాయి గానీ నీటికుక్క కనిపించలేదు. ఆ పూట స్తంభాల మధ్య పుట్టిలో తిరుగుతున్న ఒక బృందం స్పీకరులో పాటలు పెట్టి, ఖాళీ సీసాలను నీటిలోకి విసరడం మాత్రం కళ్లారా చూశాము. ఇది సంరక్షిత ప్రాంతమని తెలిపే బోర్డు మేము నడిచిన దారిలో ఎక్కడా కనబడలేదు.

హంపీని 1986లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు కాబట్టి రాళ్లను కాపాడే శ్రద్ధ కొంతైనా ఉంది. అదే శ్రద్ధ రాళ్ల నడుమ బ్రతికే ప్రాణికీ దక్కాలి. వంతెన దగ్గర కన్నడంతో పాటు తెలుగులోనూ బోర్డులు పెట్టాలని, ఈ జంతువులు ఎక్కువగా సంచరించే ఉదయ సాయంత్రాలలో పుట్టి విహారాన్ని ఆపాలని, స్పీకర్లను పూర్తిగా నిషేధించాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను. అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి వెళ్లే పాఠకులు ఎక్కువ కనుక, ఈ విషయాన్ని మీ పత్రిక యాత్రా విశేషాల పుటలో ఒకసారి వివరంగా ప్రచురించవలసిందిగా నా మనవి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంతకల్లు